ఎకరం అమ్మి పంపిస్తే చేపల సేమ్యా అడుగుతోంది

నల్లగొండ జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నోటుపుస్తకం కాగితాలకు రెండు వైపులా రాసిన పొడుగు ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 56 ఏళ్లు. భర్తకు ఎరువుల దుకాణం. ఇంట్లో 80 దాటిన అత్తగారు ఉన్నారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కూతురికి 31. రోడ్డు పక్క ఎకరం అమ్మి, చాలనిదానికి బ్యాంకులో లోను తీసుకుని ఆ అమ్మాయిని ఎమ్మెస్ చదవడానికి ఒహాయో పంపారు. చదువైంది, ఉద్యోగం వచ్చింది, లోను మొత్తం తనే కట్టేసింది. ఈ ఏడాది కంపెనీ చాలామందిని తీసేసింది, అందులో ఈమె కూడా ఉంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మహా అంటే 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకలేదు. రెండు సూట్‌కేసులతో ఇంటికొచ్చేసింది.

వచ్చి నాలుగు నెలలైంది. గది తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటుంది. పిలిస్తే వస్తుంది, రెండు ముద్దలు తిని లేస్తుంది. ఏం చేసి పెట్టమంటావని రోజూ అడిగితే "ఏదైనా పర్లేదమ్మా" అనేది. ఒకరోజు రాత్రి మాత్రం తనంతట తానే వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మా, ట్యూనా నూడుల్ క్యాసరోల్ తినాలనుంది" అంది. అదేమిటో ఈ తల్లికి తెలియదు. పక్కింటి పిల్లాడు ఫోన్‌లో ఫొటో చూపించాడు. తెల్లగా ఉడికిన నూడుల్స్, పైన ఎర్రగా కాలిన పొర. దాన్ని చూసి ఆమె తనకు తోచినట్టు చేశారు. కొర్రమీను ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి, మసాలా ప్యాకెట్ నూడుల్స్‌తో కలిపి, పాలు పోసి కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిచ్చారు. మూత తీసేసరికి పాలు విరిగి నీళ్లు వేరయ్యాయి. కూతురు రెండు చెంచాలు తిని "బాగుందమ్మా" అంది. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ట్యాపు తిప్పింది. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నా ట్యాపు కట్టలేదట.

ఇక ఇంట్లో మాటలు. ఆయనేమో, "ఎకరం అమ్మి పంపిస్తే వచ్చి చేపల సేమ్యా అడుగుతోంది" అని దుకాణంలో కూర్చున్నవాళ్ల ముందే నవ్వారట. అత్తగారేమో, "చేపలు, పాలు కలిపి పెడ్తవా? బొల్లి వస్తది. అసలే పెండ్లి కావాల్సిన పిల్ల" అని రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మృగశిర కార్తె వచ్చిందంటే కొర్రమీను కిలో ఎంత చెప్పినా బేరమాడకుండా తెచ్చే ఇల్లే అది. చేపలంటే పట్టింపు లేదు, పాలతోనే వచ్చింది పేచీ.

ఆమె అడిగినవి ఇవి. ఓవెన్ లేకుండా ఆ వంట ఎలా చేయాలి? అత్తకు ఏం చెప్పాలి? ఆయన నోరు ఎలా కట్టించాలి? నా బిడ్డ మళ్లీ మామూలు మనిషి అవుతుందా? అడుగున ఇంకో చిన్న సందేహం కూడా ఉంది, దానికి చివర్లో వస్తాను.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం ఈ ప్రశ్నల్లో లేదు. ఆఖరి పేజీ అంచున, చోటు చాలక నిలువుగా రాసి ఉంది. "చలికాలంలో జలుబు చేస్తే వాళ్ల ఇంటి ఓనరు ముసలామె ఇది చేసి పెట్టేదంట. ఆమె పోయిన క్రిస్మస్‌కు ముందు చనిపోయిందంట పాపం." అంతే. దాని తర్వాత మళ్లీ దుకాణం సంగతి.

మీ అమ్మాయికి ఏమేం పోయాయో మీ ఇంట్లో అందరూ లెక్క వేశారు. ఉద్యోగం, వీసా, జీతం. ఈ ముసలామె ఆ లెక్కలో లేదు. ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి ఉండి, ఒంట్లో బాగాలేనప్పుడు వండి పెట్టిన మనిషి పోయింది. అక్కడ దుఃఖపడడానికి తీరిక లేదు, వెంటనే ఉద్యోగం గొడవ మొదలైంది. ఇక్కడికొచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా "మళ్లీ ఎప్పుడు పోతవ్ బిడ్డా" అని అడిగారే గాని, నీకు కావాల్సినవాళ్లు ఎవరైనా పోయారా అని ఎవరు అడుగుతారు? అడగడానికి ఎవరికీ తెలియదు కూడా. నేను ఆ అమ్మాయితో మాట్లాడలేదు, మీ కాగితం మీద ఉన్నదాన్ని బట్టే అంటున్నాను. పొరపాటు పడి ఉండొచ్చు కూడా. కానీ నాలుగు నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే కదా.

మన దగ్గర మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పాలివాళ్లో, ఇరుగుపొరుగువాళ్లో అన్నం, పప్పు గిన్నెల్లో మోసుకొచ్చి, తినమని బలవంతం చేసి కూర్చోబెడతారు. అమెరికాలో ఆ పని చేసేది ఈ క్యాసరోలే. చావు ఇంటికి, పురిటి ఇంటికి, జబ్బు పడ్డవాళ్ల ఇంటికి పక్కింటివాళ్లు ఒక లోతు పళ్లెంలో చేసి, పైన రేకు కప్పి తెచ్చి ఇస్తారు. ఆ ఇంటివాళ్లు వేడి చేసుకుని తింటే చాలు. మీ అమ్మాయి అడిగినదాంట్లో ఇదంతా ఉందని ఆమెకైనా తెలుసో లేదో.

మీ ఆయనకు చెప్పడానికి పనికొస్తుంది, ఇది గొప్పోళ్ల వంట కాదు. డబ్బాలో నిలవ ఉండే చేప, ఎండు నూడుల్స్, డబ్బా సూపు, మూడూ కలిపి ఓవెన్లో పెట్టేయడమే. అక్కడ క్యాంప్‌బెల్ అనే కంపెనీ 1934లో చిక్కటి పుట్టగొడుగుల సూపును డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఇలాంటి వంటలు ఇంటింటికీ పాకాయి, 1950ల నాటికి ట్యూనా క్యాసరోల్ అక్కడి మధ్యతరగతి ఇళ్లలో మామూలు వంట అయిపోయింది. పైన చల్లేది కూడా నలిపిన ఆలుగడ్డ చిప్సే. ఒహాయోకు ఇంకా ఎగువన మిన్నెసోటా వైపు ఇలాంటి వంటలను హాట్‌డిష్ అంటారు. నెలాఖరులో చేతిలో డబ్బు లేనప్పుడు నలుగురి కడుపు నింపే తిండి. మన పచ్చిపులుసు అన్నం కోవలోది అనుకోండి.

ఇప్పుడు ఎవరు వండాలన్నది. వంట కంటే ఇదే ముఖ్యం అని నాకు అనిపిస్తుంది.

ఈసారి బాగా నేర్చుకుని, చెప్పకుండా చేసి ముందు పెట్టొచ్చు. మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. కుదిరితే అమ్మాయి సంతోషపడుతుంది. కానీ రుచి ఏ కొంచెం తేడా వచ్చినా మళ్లీ "బాగుందమ్మా" అనే అంటుంది. మిమ్మల్ని నొప్పించకూడదని అనే ఆ మాట ఆమెకు ఒక బరువు, విన్నాక మీకు ఇంకో బరువు. వంట పరీక్షలా మారిపోతుంది.

లేదంటే సామాన్లన్నీ తెప్పించి, వంటిల్లు ఆమెకు అప్పగించి మీరు బయటికి రావచ్చు. కొంతమంది పిల్లలకు ఇదే నచ్చుతుంది. చాలా రోజుల తర్వాత తన చేత్తో ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసినట్టు ఉంటుంది. కానీ మంచం మీద నుంచి లేవడమే కష్టంగా ఉన్న మనిషికి ఉల్లిగడ్డ కోయడం కూడా కొండ ఎక్కినంత పని. సామాన్లు వారం రోజులు అలాగే పడి ఉంటే "ఇది కూడా చేయలేకపోయాను" అనే దిగులు పైన చేరుతుంది. ఈ దారి ఎంచుకుంటే ఎప్పుడు చేస్తావని అడగకూడదు. అంత ఓపిక మీకుందా?

మూడోది, ఇద్దరూ కలిసి చేయడం. "నాకు రాలేదు బిడ్డా, పాలు విరిగినయి, నువ్వు పక్కన కూర్చుని చెప్పు" అనండి. కోయడం, కలపడం మీవి. ఇది చాలా, ఇంకా కావాలా అని చెప్పడం ఆమెది. నాకైతే ఇది నచ్చుతుంది. ఇందులో కూడా ఒక చిక్కుంది. పక్కన కూర్చుంటే కన్నీళ్లు రావచ్చు. వస్తే చెంగుతో తుడిచి ఊరుకో ఊరుకో అనేస్తాం, మనకు అలవాటు. ఆ ఒక్కరోజు ఊరుకోబెట్టకండి. గరిటె తిప్పుతూనే "ఆమె ఎట్లుండేది?" అని అడిగి చూడండి. వంట గురించి కాదు, ఆమె గురించి. ముసలామె పేరేంటి, మనవళ్లున్నారా, ఈమెను ఏమని పిలిచేది. చెప్పకపోతే వదిలేయండి.

అసలు ఇదంతా వద్దు, చిన్నప్పుడు ఇష్టంగా తిన్న తపాల చెక్కే చేసి పెడతానన్నా తప్పేం లేదు. మీ చేతికి అలవాటైన వంట, అందులో మీకు ఎదురు లేదు. మరి ఆమె అడిగింది అది కాదు. అడిగిందానికి బదులు ఇంకొకటి పెడితే ఇక మీదట అడగడం మానేస్తుందేమోనని నా భయం.

ఏ దారి పట్టినా వంట మీకు తెలిసి ఉండాలి. మొన్న ఎక్కడ చెడిందో ముందు చూద్దాం. పాలు విరగడానికి కారణం నిమ్మరసం. నీచు వాసన పోవడానికి చేపను నిమ్మకాయతోనో, మజ్జిగతోనో కడగడం మనకు అలవాటే, కానీ ఆ పులుపు పాలలో పడితే విరగక తప్పదు. కుక్కర్ వేడి దానికి తోడైంది. నూడుల్స్‌లో ఉన్న మసాలాతో ఆమె ఎదురుచూసిన రుచికి దారి పూర్తిగా మూసుకుపోయింది. అసలు క్యాసరోల్‌లో కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ఏవీ ఉండవు. ఉప్పు, మిరియాల పొడి, అంతే. మన నాలుకకు చప్పగా ఉంటుంది. తాలింపు వేద్దామని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి!

ట్యూనా సముద్రపు చేప. సాగర్ చేపలు, డిండి చేపలు అమ్మేచోట దొరకదు. డబ్బాల్లో వస్తుంది, హైదరాబాద్ సూపర్ మార్కెట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. మీ అబ్బాయికి చెప్పి, సుమారు 180 గ్రాముల డబ్బాలు రెండు తెప్పించండి. ఉప్పునీళ్లలో ఉన్నవి తెమ్మనండి, నూనెలో ఉన్నవైనా ఫరవాలేదు. ఉబ్బిన డబ్బా, తుప్పు పట్టిన డబ్బా వద్దు. లోపలి చేప ముందే ఉడికి ఉంటుంది. నీళ్లు వంపేసి వేళ్లతో విడదీస్తే చాలు. డబ్బా కోసం ఆగలేకపోతే కొర్రమీనే వాడొచ్చు, ముళ్లు తక్కువ కాబట్టి. ఉత్త ఉప్పు రాసి ఆవిరి మీద ఉడికించి, ముళ్లు ఏరి వేయాలి. బొచ్చె, రవ్వ పనికిరావు, సన్న ముళ్లు పాల గుజ్జులో కనబడవు. కొర్రమీనుతో మంచి వంటే అవుతుంది గాని ఆ రుచి మాత్రం రాదు. ముందే అమ్మాయికి చెప్పి చేయండి.

నూడుల్స్ బదులు మాకరోనీయో, మెలి తిరిగిన పాస్తానో 200 గ్రాములు తీసుకోండి. అక్కడివాళ్లు వాడే వెడల్పాటి గుడ్డు నూడుల్స్ మన దగ్గర దొరకడం కష్టం. ఉప్పునీళ్లలో, ప్యాకెట్ మీద రాసినదానికంటే రెండు నిమిషాలు ముందే దింపి వార్చండి. పంటి కింద కొంచెం గట్టిగా తగలాలి, మిగతాది పాలలో ఉడుకుతుంది.

డబ్బా సూపు అక్కర్లేదు, అది మనమే చేసుకోవచ్చు. 40 గ్రాముల వెన్న అడుగు మందంగా ఉన్న గిన్నెలో కరగనిచ్చి, సన్నగా తరిగిన ఒక ఉల్లిగడ్డ, గుప్పెడు బటన్ పుట్టగొడుగుల ముక్కలు వేయండి. పుట్టగొడుగులు మొదట నీళ్లు వదులుతాయి, ఆ నీళ్లు ఇగిరిపోయి చిటపటమనేదాకా వేయించాలి. ఉల్లిగడ్డ ఎర్రబడకూడదు. మూడు పెద్ద చెంచాల మైదా చల్లి సన్నసెగ మీద రెండు నిమిషాలు తిప్పండి, పచ్చివాసన పోతుంది. ఇప్పుడు గోరువెచ్చటి పాలు, ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ, గరిటెడు గరిటెడుగా పోస్తూ కలుపుతూ ఉండాలి. మొదటి గరిటెకు పిండి ముద్దకడుతుంది, కంగారు పడకండి, రెండో గరిటెకు విడిపోతుంది. ఒక్కసారే పోశారంటే మాత్రం ఉండలు కడుతుంది, ఆ ఉండలు చిదమడం చాలా విసుగు. గరిటె వెనక పొరలా అంటుకుని, దాని మీద వేలితో గీత గీస్తే గీత నిలబడిందంటే దింపేయొచ్చు. పొయ్యి మీద నుంచి దింపాకే చీజ్ క్యూబులు నాలుగైదు తురిమి వేయండి. మిరియాల పొడి వేయండి. వెన్న, చీజ్, చేప, చిప్స్ అన్నిట్లోనూ ఉప్పుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు సంగతి. పాస్తా, ట్యూనా, ఒక కప్పు ఉడికిన పచ్చిబఠాణీ కలిపితే లోపలి పని అయిపోయింది. చూడ్డానికి కొంచెం పలచగా ఉండాలి. అప్పుడే చిక్కగా ఉంటే ఓవెన్లోకి వెళ్లాక ఎండిపోతుంది.

ఓవెన్ ఉన్నవాళ్లు 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు పెడతారు. మీకు లేదు. లేకపోయినా నష్టం లేదు, ఎందుకంటే లోపల ఉన్నవన్నీ ముందే ఉడికినవే. మీ పాత కుక్కర్‌కు రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున రెండు వేళ్ల మందం ఉప్పు పోసి, దాని మీద స్టాండ్ పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. నీళ్లు పోయకూడదు. వెన్న రాసిన అల్యూమినియం గిన్నెలో మిశ్రమం వేసి లోపల పెట్టి సన్నమంట మీద 20, 25 నిమిషాలు ఉంచండి. అంచుల్లో బుడగలు వస్తే అయినట్టే. ఒక్కటే లోటు, పైపొర ఎర్రబడదు, మూత కింద ఆవిరి పట్టి మెత్తబడుతుంది. అందుకని చిప్స్ ముందు వేయొద్దు. బ్రెడ్ పొడిని కొంచెం వెన్నలో పెనం మీద ఎర్రగా వేయించి పెట్టుకోండి. వడ్డించే ముందు ఆ పొడి, నలిపిన ఉప్పు చిప్స్ పైన చల్లండి. బేకరీలో అమ్మే ఉత్త ఆలుగడ్డ చిప్స్ చాలు, కారం చల్లినవి వద్దు. రస్కుల పొడి కూడా వద్దు, తియ్యగా ఉంటాయి. పక్కన కేకుల బేకరీ ఉంది, వాళ్ల ఓవెన్లో పెట్టించనా అని రాశారు. చేప వాసన వాళ్ల కేకులకు పడితే ఊళ్లో మీ పేరు మార్మోగుతుంది, ఆ ఆలోచన మానుకోండి.

అత్తగారి సంగతి. ఆమె గాలి మాట చెప్పలేదు. చేపలు, పాలు కలిపి తినకూడదని చరక సంహితలోనే ఉంది, తరతరాలుగా ఇళ్లలో చెప్పుకుంటూ వచ్చారు. అయితే బొల్లి వచ్చేది దానివల్ల కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినడం వల్ల ఆ మచ్చలు వస్తాయి. చాలామందిలో సొంత ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ కణాల మీద దాడి చేస్తుంది. అంటుకునే జబ్బు కాదు, చేప మీద పాలు తాగితే వస్తుందనడానికి వైద్యంలో ఆధారం లేదు. పాలలో చేప వండుకునే దేశాలు బోలెడున్నాయి. ఇక పాలు పడనివాళ్లు, చేప పడనివాళ్లు ఉంటారు, అది వేరే విషయం. మీ అమ్మాయి ఏళ్లుగా తిన్నదే కాబట్టి ఆ భయం మీకు లేదు.

ఇదంతా 80 ఏళ్ల మనిషికి చెప్పి ఒప్పించాలా? ప్రయత్నిస్తే వాదన పెరుగుతుంది, గెలిచినా ఆమె మీతో ఇంకో వారం మాట్లాడరు. చెప్పకుండా చాటుగా చేస్తే వాసన పట్టేస్తారు, అప్పుడు దొంగతనం కింద జమ. "అత్తా, నువ్వు తినకు, నీ గిన్నెలు ముట్టను, దీనికి వేరే గిన్నె పెట్టిన" అని ముందే చెప్పేయడం మేలు. శనివారం నీసు ముట్టని ఇల్లని రాశారు, యాదగిరి నరసన్న ఇలవేల్పు అన్నారు. శనివారం తప్పించి ఇంకో రోజు పెట్టుకోండి. ఆ మాత్రం మర్యాద దక్కితే పెద్దవాళ్లు చాలా వాటికి కళ్లు మూసుకుంటారు. కానీ "పెండ్లి కావాల్సిన పిల్ల" అన్న మాట అమ్మాయి చెవిన పడకుండా మాత్రం గట్టిగా అడ్డం పడండి. బొల్లి మాట కన్నా అది ఎక్కువ గుచ్చుకుంటుంది.

మీ ఆయన విషయంలో నాకు కోపం వచ్చిందని దాచను. లోను ఆమే తీర్చిందని మీరే రాశారు. ఎకరం సంగతి గుర్తున్న మనిషికి అది ఎందుకు గుర్తులేదో. కాస్త ఆగి ఆలోచిస్తే, పొద్దున్నుంచి రాత్రిదాకా దుకాణానికి వచ్చినోళ్లందరూ "బిడ్డ వచ్చిందట గదా, మళ్ల ఎప్పుడు పోతది?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక ముందు తనే నవ్వేస్తున్నారేమో. కారణం ఏదైనా ఆ నవ్వు గోడ అవతలి అమ్మాయికి వినబడుతోంది. ఆమె ముందు మీరిద్దరూ గొడవపడితే తన వల్లే అనుకుంటుంది. అత్తగారి ముందు అంటే ఆయనకు పట్టుదల పెరుగుతుంది. దుకాణం కట్టేసి వచ్చి అన్నం తిన్నాక, ఆ ముసలామె చనిపోయిన సంగతి చెప్పండి. ఆయనకు ఇది తెలుసని నేననుకోను. తర్వాత ఏదో ఒక పని అప్పజెప్పండి, పుట్టగొడుగులు, చీజ్, చిప్స్ తెమ్మనండి. మృగశిర కార్తెకు కొర్రమీను తెచ్చే మనిషికి సంచి పట్టుకుని వెళ్లడం చేతనవును, ఓదార్చే మాటలు చేతకావేమో. ససేమిరా అంటే అబ్బాయితోనే తెప్పించుకోండి, వంట మాత్రం ఆపకండి.

నా బిడ్డ మామూలు మనిషి అవుతుందా అన్నారు. క్యాసరోల్ తింటే అవుతుందని మాత్రం అనుకోకండి. అమ్మాయి ఆ పూట కడుపు నిండా తిని, మర్నాడు మళ్లీ తలుపు వేసుకోవచ్చు. అప్పుడు "అంత కష్టపడి చేసినా ఇంతేనా" అనే మాట మీ నోటివెంట రాకూడదు. దుఃఖం వేరు, కుంగుబాటు వేరు. పొద్దంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి, దాంతోపాటు నిద్ర, ఆకలి తారుమారైతే డాక్టర్లు కుంగుబాటు అవునా కాదా అని చూస్తారు. మీ అమ్మాయికి నాలుగు నెలలు. కాబట్టి వంట ఎలా ఉన్నా ఒకసారి డాక్టరుకు చూపించమనే నా మాట. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. నలుగురు చూస్తారని భయమైతే ముందు ఫోన్‌లో మాట్లాడొచ్చు. 14416కు చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవలో పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అమ్మాయి చేయనంటే మీరే చేసి ఎలా ఒప్పించాలో అడగండి. చచ్చిపోవాలనుంది, నేను లేకపోతే మీకే నయం లాంటి మాటలు వస్తే మాత్రం రేపు చూద్దామని ఆగొద్దు. ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి.

పెళ్లి సంబంధాలవాళ్లకు తెలుస్తుందేమోనని ఆయన అడ్డుపడొచ్చు. చూపించకపోతే ఏమవుతుందో కూడా ఆయన్నే అడగండి.

ఇక ఉత్తరం అడుగున అడిగిన సందేహం, మిగిలితే తెల్లారి తినొచ్చా అని. తినొచ్చు. వేడి తగ్గాక, ఎక్కువసేపు బయట ఉంచకుండా స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజుల్లో ముగించండి. ట్యూనా మిగిలినా దాని డబ్బాలోనే వదలకుండా వేరే గిన్నెలోకి మార్చాలి. రాత్రంతా కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం పోతే మొహమాటపడకుండా పారేయండి. తెల్లారి చూస్తే పాస్తా పాలన్నీ పీల్చేసి గట్టిపడి ఉంటుంది. పావు గ్లాసు పాలు చల్లి, మూతపెట్టి సన్నసెగ మీద లోపలిదాకా వేడెక్కనివ్వండి. పైన చిప్స్ మాత్రం మళ్లీ కొత్తవి నలపాలి, పాతవి మెత్తబడిపోయి ఉంటాయి.